తల తిప్పి చూడు

రాత్రి పదకొండున్నర.
కాజీపేట మీదుగా బొగ్గు వ్యాగన్లు ఇంకా పోతూనే ఉన్నాయి.
టేబుల్ మీది గ్లాసులో నీళ్లకు ఆ సంగతి ముందే తెలుసు.

నా ముందు స్క్రీన్ మీద
ఐదువందల కిలోమీటర్ల పైనుంచి దిగిన గీత.
భూమి అయస్కాంతాన్ని కొలిచి చెప్పమని
మేం పంపిన పెట్టె, బియ్యం డబ్బా అంత ఉంటుంది.
అడిగింది చెబుతూనే
మధ్యమధ్య తన గొడవ చెబుతోంది.

పదకొండు నిమిషాలకోసారి ఒక మెట్టు.
ఎనిమిది నానోటెస్లాలు. ఎక్కుతుంది, నిలబడుతుంది, దిగుతుంది.
మొదటి వారం మురిసిపోయాను, దాచేదేముంది.
ధ్రువాల మీద ఎవరూ వినని అల అనుకున్నాను,
మనసులో పేరు కూడా పెట్టుకున్నాను.
తస్నీమ్ వచ్చి, చాయ్ కప్పు నా నోట్సు మీదే పెట్టి,
బ్యాటరీ హీటరు వేళలు పక్కన పరిచింది.
మెట్టుకు మెట్టు. సెకనుకు సెకను.
నా అల,
చలికి వణికే బ్యాటరీ కప్పుకున్న దుప్పటి.

ఆ తర్వాత అన్నిటి మీదా అనుమానమే.
సోలార్ పలకలు ఎండలోకి వచ్చినప్పుడల్లా ఒక గంతు.
దిక్కు సరిచేసే తీగచుట్ట పనిచేస్తే పెద్ద బొబ్బ,
అది ఊరుకున్నాక కూడా ఏదో ఒక ఇనుప మేకులో
దిగని పంతం.

పైకి పంపకముందు పాకాల అడవి అంచున
మూడు రాత్రులు పరీక్షించాం దీన్ని,
మోటార్లకు, ట్రాన్స్‌ఫార్మర్లకు, రైలు తీగలకు దూరంగా.
తస్నీమ్ జడపిన్నులు తీసి జీపులో పెట్టింది.
నేను తాళంచెవులు. వెండి పట్టీలకు మాఫీ.
వాచ్‌మన్ ఓదెలు దగ్గరికొస్తే మాత్రం
అంకె ఊగేది.
జేబులు దులిపి చూపించాడు. మళ్లీ ఊగింది.
అప్పుడు లుంగీ మోకాలి దాకా ఎత్తి,
భూపాలపల్లి గనిలో పైకప్పు కూలిన నాడు
కాల్లో రాడ్డు వేసి కుట్టిన గీత చూపించి
"దొంగను నేనే" అన్నాడు, కొంచెం సిగ్గుగా.

ఈ రాత్రి ఆ ఓదెలే
టార్చి ఆర్పి గుమ్మంలో నిలబడ్డాడు, ఇంటికి పోవా అని.
చెప్పాను. పెట్టె మోత ఏదో, భూమి మోత ఏదో
విడదీయలేకపోతున్నానని.

అతని ఎడమ చెవిలో ఎప్పుడూ జుయ్యిమని ఒక మోత.
పదిహేనేండ్ల బ్లాస్టింగులు ఇచ్చిన పింఛను.
"మొదట్ల నాకు గూడ తెల్వకపోయేది బిడ్డా,
కీచురాయో, బోరు మోటరో, నా చెవో.
గప్పుడు తల తిప్పి చూసేటోన్ని.
బయటి సప్పుడైతే ఉన్నకాడనే ఉంటది,
నేను తిరిగితే అది ఎనకకు పోతది.
నాదైతే నాతోనే తిరుగుతది.
యాడికి మర్రినా గా చెవులనే."

పొద్దున పంపాల్సిన ఆదేశాల్లో ఒక్క వాక్యం చేర్చాను:
తీగచుట్టలు ఆపి, పెట్టెను దాని ఇరుసు మీద మెల్లగా తిప్పండి.

గురువారం తెల్లవారుజామున తిరిగింది.
భూమి క్షేత్రం గడియారం ముల్లులా దాని చుట్టూ పోయింది.
పెట్టెను అంటుకున్నది మాత్రం కదల్లేదు.
ఒకే మూల, ఒకే దిక్కు, పదిహేడు నానోటెస్లాలు.
తీసేశాం.
హీటరు మెట్లు తీసేశాం. ఎండ గంతులు తీసేశాం.
గీత నున్నబడింది. మరీ నున్నబడుతోందని
చెయ్యి ఆపుకున్నాను.

ఒకటి మిగిలింది.
అర నానోటెస్లా వణుకు, నెలలో మూడుసార్లు.
హీటరుది కాదు, ఎండది కాదు.
పెట్టె తిరిగితే వెనక్కి పోయింది, కాబట్టి పెట్టెది కాదు.
అయితే భూమిదేనా? ఆ మాట అనడానికి
మొదటి వారం ముఖం గుర్తొచ్చింది నాకు.
నాణ్యత గడిలో సున్నా రాయాలి, లేకుంటే ఒకటి.
మూడో అంకె లేదు.
పక్కన కొత్త వరుస గీసి, మూడుచోట్ల రాశాను:
తెలియదు.

గేటు దగ్గర ఓదెలు గొళ్లెం మీద చెయ్యి వేసి ఆగాడు.
తల కుడికి తిప్పాడు. ఎడమకు తిప్పాడు.
నాకేం వినిపించలేదు.
"గూడ్సు," అన్నాడు. "నాది గాదు."